బరువెత్తే అరగంట

రంగారెడ్డి జిల్లా మహేశ్వరం చుట్టుపక్కల ఊళ్లలో నలభై అయిదు దాటిన ఆడవాళ్ల ముందు వ్యాయామం మాట ఎత్తితే మొదట వచ్చే జవాబు దాదాపు ఒకటే. "పొద్దంత ఒళ్లు వంచి పని జేస్తనే ఉంటిమి, ఇంక కసరత్తు ఎందుకమ్మా?" దీన్ని సాకు అనుకుని దాటేయడం అన్యాయం. నాట్లు, కలుపు తీయడం, కూరగాయలు తెంపడం, గంపలు ఆటోకెత్తడం, ఇంటికొచ్చాక మళ్లీ నీళ్లు, పొయ్యి. ఇంత చేసే మనిషికి పార్కులో నడిచేవాళ్ల సలహా రుచించకపోవడంలో వింతేమీ లేదు. అయితే అదే మనిషి నెలసరి ఆగిపోయే రోజుల్లో గుండెల మీది నుంచి నెత్తి దాకా సెగలు కొడుతున్నాయంటుంది. రాత్రి చెమటకు జాకెట్ తడిసి మెలకువ వస్తోందని, నడుము పట్టేసిందని, ఏ కారణం లేకుండా ఏడుపొస్తోందని చెబుతుంది. ఇన్నేళ్ల కష్టం ఆ ఒంటిని ఎందుకు కాపాడలేకపోయింది? కష్టం కాపాడనిదాన్ని కసరత్తు ఎలా కాపాడుతుంది?

ఈ ప్రశ్నకు నాకు కనిపించిన అతి చక్కని జవాబు ఒక అరగంట వ్యాయామ క్రమం. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని గ్రిఫిత్ విశ్వవిద్యాలయంలో బెలిండా బెక్ బృందం దాన్ని తయారు చేసి పరీక్షించింది. లిఫ్ట్‌మోర్ అని పేరు పెట్టారు. 2017లో ఫలితాలు వెలువడ్డాయి. నెలసరి ఆగిపోయి, ఎముకలు పలచబడ్డ ఆడవాళ్ల చేత బరువులు ఎత్తించారు, అదీ చిన్నాచితకా బరువులు కాదు. వినగానే భయం వేసే మాట ఇది. లోపలికి వెళ్లి ఒక్కో అంకె ఎందుకు ఉందో చూస్తే భయం పోయి గౌరవం కలుగుతుంది. ఆ గౌరవంతోనే దాన్ని పాఠకులకు పరిచయం చేస్తున్నాను. కానీ అక్కడికి మన ఊళ్ల మీదుగానే వెళ్లాలి.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో మొదలై 1958లో ఇక్కడికి తరలివచ్చింది. ఆ సంస్థలో వీణా శత్రుఘ్న, భారతి కులకర్ణి తదితరులు పేద కుటుంబాలకు చెందిన 289 మంది ఆడవాళ్ల ఎముకల సాంద్రతను డెక్సా యంత్రంతో కొలిచి 2005లో ప్రచురించారు. వయసు 30 నుంచి 60 ఏళ్లు. ముప్ఫై నుంచి మొదలుపెట్టడంలోనే ఆ పరిశోధకుల పనితనం ఉంది. యాభై దాటినవాళ్లనే కొలిచి ఉంటే నష్టమంతా నెలసరి ఆగడం వల్లే వచ్చిందని అనుకునేవాళ్లం. ముందునుంచీ కొలిచారు కాబట్టి అసలు సంగతి బయటపడింది. తొడ ఎముక మెడ దగ్గర సుమారు 52 శాతం మందికి ఎముక పలచబడి ఉంది, మరో 29 శాతం మందికి గుల్లబారింది. వాళ్ల రోజువారీ తిండిలో కాల్షియం సగటున 270 మిల్లీగ్రాములు. చిన్న శరీరాల ఎముకను డెక్సా కొంత తక్కువగా చూపిస్తుందన్న మాట నిజమే. ఆ తేడా తీసేసినా మిగిలేది చిన్న నష్టం కాదు. ఒంటి ఎత్తు, బరువు, వయసు, నెలసరి ఆగడం, తిండిలో కాల్షియం - ఎముక బలాన్ని నిర్ణయించేవి ఇవేనని తేల్చారు.

వీణా శత్రుఘ్న గురించి ఒక మాట. ఆడవాళ్ల ఆరోగ్యం మీద స్త్రీశక్తి సంఘటన అనే స్త్రీల సంఘం తెలుగులో తెచ్చిన 'సవాలక్ష సందేహాలు' పుస్తకం వెనక పనిచేసిన వాళ్లలో ఆమె ఒకరు. ప్రయోగశాలలో కొలిచే చేయి, ఆడవాళ్ల మధ్య కూర్చుని వాళ్ల సందేహాలు విన్న చెవి ఒకే మనిషివి కావడం వల్లనే ఆ అధ్యయనంలో పేద స్త్రీ వట్టి అంకెగా మిగిలిపోలేదని నా నమ్మకం.

రంగారెడ్డి జిల్లా పల్లెల్లోనే జరిగిన ఇంకో పని మన ప్రశ్నకు మరింత దగ్గరగా వస్తుంది. 1987 నుంచి 1990 వరకు హైదరాబాద్ చుట్టుపక్కల 29 గ్రామాల్లో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్ల లోపు పిల్లలకు అదనపు ఆహారం ఇచ్చే ప్రయోగం ఒకటి జరిగింది. కొన్ని ఊళ్లలో మొక్కజొన్న, సోయా కలిపిన ఉప్మా పెట్టారు, మిగతా ఊళ్లలో పెట్టలేదు. ఆ పిల్లలు పెద్దయ్యాక మళ్లీ వాళ్లను వెతికి పట్టుకుని పరీక్షిస్తూ వచ్చారు. రెండు దశాబ్దాల తర్వాత ఇరవైల్లో ఉన్న ఆ యువతీ యువకుల ఎముకలు కొలిస్తే, చిన్నప్పటి ఉప్మా కన్నా ఇప్పటి కండ, ఒంటి బరువు కాళ్ల మీద పడేలా చేసే శ్రమ ఎముకతో గట్టిగా ముడిపడి కనిపించాయి. ఒంట్లో కొవ్వుకు అంత సంబంధం కనబడలేదు. అంటే మన పల్లె ఎముక కూడా బరువు పడితే బదులు పలుకుతుంది. ఆ బరువు ఎలా పడాలన్నదే తేలాల్సిన విషయం.

ఎముకను చాలామంది ఇంటి దూలంలా, ఒకసారి పెట్టాక అలాగే ఉండిపోయేదనుకుంటారు. అది రోజూ కొంత కరుగుతూ కొంత కట్టుకుంటూ ఉంటుంది. కరిగించే కణాలను అదుపులో ఉంచేది ఈస్ట్రోజన్. నెలసరి ఆగే ముందు ఒకటి రెండేళ్లు, ఆగాక మొదటి కొన్నేళ్లు ఈ అదుపు తప్పి, కట్టే వేగాన్ని కరిగే వేగం మించిపోతుంది. కట్టే కణాలను తట్టిలేపగలిగింది ఎముక మీద పడే ఒత్తిడి. ఇక్కడ 1984లో రూబిన్, లానియన్ అనే ఇద్దరు చేసిన ప్రయోగం చెప్పాలి. కోడి రెక్క ఎముకకు మామూలు కదలిక లేకుండా చేసి, రోజుకు ఇన్నిసార్లు అని లెక్కపెట్టి యంత్రంతో వంచారు. రోజుకు నాలుగు సార్లు వంచితే ఎముక తరగకుండా నిలిచింది. 36 సార్లు వంచితే పెరిగింది. 1800 సార్లు వంచినా 36 సార్లకు మించి ఒక్క పిసరు అదనంగా రాలేదు.

కలుపు తీసే ఆడమనిషి పడే కష్టం ఎముకకు ఎందుకు పూర్తిగా చేరలేదో ఈ ప్రయోగంతో కొంత అర్థమవుతుంది. పొద్దున ఏడింటి నుంచి ఒకే తీరున, ఒకే కొలతలో, వేలసార్లు వంగడం ఎముక కణాలకు అలవాటైన మాట. కొన్ని పదుల సార్ల తర్వాత అవి వినడం మానేస్తాయి. మళ్లీ వినాలంటే గంటల విరామం కావాలి. కొత్తగా, కాస్త గట్టిగా, కొద్దిసార్లు పడే బరువును అవి లెక్కలోకి తీసుకుంటాయి. పైగా పొలం పనిలో బరువు ఎంతన్నది ఒంటిని బట్టి ఉండదు, పంటను బట్టి, మేస్త్రిని బట్టి ఉంటుంది. ఒళ్లు నొప్పులున్న రోజున తగ్గదు, బలం పుంజుకున్న నెలలో లెక్కగా పెరగదు. కష్టానికి తగ్గ పప్పు, పాలు, గుడ్డు కంచంలోకి రావు. రాత్రి సెగలు నిద్ర చెడగొడితే మర్నాడు ఆలస్యంగా వస్తానంటే కూలి పోతుంది. ఆ శ్రమ వృథా అయిందని నేననను. కండ అంటూ మిగిలిందంటే దానివల్లే. అయితే ఆ శ్రమలో ఏ భాగమూ ఆమె ఒంటి కోసం కొలిచి పెట్టింది కాదు.

లిఫ్ట్‌మోర్‌లో ప్రతిదీ కొలిచి పెట్టిందే.

మొత్తం 101 మంది ఆడవాళ్లు, సగటు వయసు 65. వారానికి రెండు రోజులు, రోజుకు అరగంట, ఎనిమిది నెలలు. చేసేవి నాలుగే కదలికలు. నేల మీది బార్‌బెల్‌ను నిటారుగా నిలబడేదాకా ఎత్తడం ఒకటి, అదే డెడ్‌లిఫ్ట్. బరువును భుజాల ఎత్తు నుంచి తల మీదికి నెట్టడం రెండోది. వీపు మీద బరువుతో కూర్చుని లేవడం, అంటే మన బస్కీ, మూడోది. నాలుగోది చూడటానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. పైనున్న కమ్మీ పట్టుకుని ఎగిరి, చేతులతో ఒంటిని పైకి లాగి, వదిలేసి నేల మీద బలంగా దిగడం. ఒక్కో కదలిక అయిదేసి సార్లు, అలా అయిదు విడతలు. బరువు ఎంత? ఒకే ఒక్కసారి ఎత్తగలిగినంత గరిష్ఠ బరువులో 85 శాతానికి మించి.

అయిదే ఎందుకో చూడండి. అంత బరువును ఎవరైనా మహా అయితే ఆరేడు సార్లు ఎత్తగలరు. అయిదు దగ్గర ఆపితే ఒంటి తీరు చెదరదు, చివరిసారి కూడా మొదటిసారిలాగే వెన్ను నిటారుగా ఉంటుంది. దెబ్బలు తగిలేది సాధారణంగా అలసిపోయి తీరు చెడినప్పుడే కాబట్టి, అలసట రాకముందే ఆపేయడం ఆ సంఖ్యలోనే ఇమిడి ఉంది. ముప్ఫై సార్లు ఎత్తగలిగే తేలిక బరువు పెడితే కండకు కొంత ఓర్పు వస్తుంది గానీ ఎముకకు కబురు చేరదు. అరకొర బరువులతో అంతకుముందు జరిగిన ఎన్నో ప్రయోగాలు ఎముక విషయంలో నిరాశపరచడానికి కారణం ఇదేనన్నది బెక్ బృందం ఆలోచన. దాన్ని ధైర్యంగా పరీక్షకు పెట్టారు.

ఆ ధైర్యం వెనక జాగ్రత్త ఎంతుందో మొదటి నెలలో తెలుస్తుంది. నెలంతా ఖాళీ చేతులతోనో, తేలిక బరువులతోనో తీరు మాత్రమే నేర్పారు. డెడ్‌లిఫ్ట్‌ను దగ్గరగా చూస్తే ఆ నెల ఎందుకో తెలుస్తుంది. పాదాలు తుంటి వెడల్పున. బార్ కాలి ముందు ఎముకకు తాకేంత దగ్గరగా. ఇప్పుడు నడుము దగ్గర వంగకూడదు, తుంటి దగ్గర మడవాలి. పిరుదులు వెనక్కి పోతాయి, మోకాళ్లు కాస్త వంగుతాయి, వెన్ను మాత్రం పలకలా తిన్నగా ఉంటుంది. ఊపిరి తీసుకుని పొట్ట బిగించి, నేలను పాదాలతో తోస్తున్నట్టుగా లేవాలి. బరువు చేతుల్లో ఉన్నా ఎత్తేది తొడలు, పిరుదులు. నిండు బిందె నడుము వంచి గబుక్కున ఎత్తే అలవాటున్న ఒంటికి ఇది కొత్త భాష. ఆ భాష ఒంటబట్టాకే బరువు పెంచుతారు. గుల్లబారిన వెన్నుపూసలున్న మనిషిని ముందుకు గుండ్రంగా వంచి బరువెత్తిస్తే వెన్ను నలుగుతుంది, తుంటి దగ్గర మడిచి ఎత్తిస్తే బలపడుతుంది. ప్రమాదానికీ ప్రయోజనానికీ మధ్య ఉన్నది ఆ ఒక్క మడతే. అందుకే ప్రతి విడతా శిక్షకుల కళ్ల ముందే జరిగింది.

కమ్మీ పట్టుకుని దూకే కదలిక నాకు అన్నిటికన్నా నచ్చింది. ఎముకకు దెబ్బ లాంటి కుదుపు కావాలి. అరవై అయిదేళ్ల మనిషిని గెంతమంటే తూలి పడే ప్రమాదం ఉంది. ఎగిరేటప్పుడు చేతులు కమ్మీ మీద ఉంటే తూలుడు భయం తగ్గుతుంది, భుజాలకూ చేతులకూ పని దొరుకుతుంది, దిగేటప్పుడు మాత్రం మడమల మీద పూర్తి కుదుపు పడుతుంది. ఒక్క కదలికలో మూడు అవసరాలు తీర్చిన ఆలోచన ఇది. ఆ అరగంటలో వృథా నిమిషం కనిపించదు.

పోల్చి చూడటానికి పెట్టిన రెండో జట్టు వాళ్లనూ ఊరికే కూర్చోబెట్టలేదు. వాళ్లకు ఇంటి దగ్గర చేసుకునే తేలిక వ్యాయామం ఇచ్చారు, అదీ వారానికి రెండుసార్లు, అరగంటే. ఎనిమిది నెలల తర్వాత బరువులెత్తిన వాళ్ల నడుము వెన్నెముక సాంద్రత సగటున 2.9 శాతం పెరిగింది, తేలిక వ్యాయామం చేసినవాళ్లకు 1.2 శాతం తగ్గింది. తొడ ఎముక మెడ దగ్గర మొదటి జట్టు నిలదొక్కుకుంది, రెండో జట్టు దాదాపు రెండు శాతం కోల్పోయింది. బరువెత్తిన వాళ్లు వంద తరగతుల్లో తొంభై రెండింటికి వచ్చారు. జరిగిన నష్టం చెప్పుకోవాలంటే ఒకరికి నడుము పట్టేసి రెండు తరగతులు తప్పాయి, అంతే. 101 మంది అంటే చిన్న సంఖ్యే. వాళ్లంతా కడుపునిండా తినే దేశపు ఆడవాళ్లు. తార్నాకలో కొలిచిన 270 మిల్లీగ్రాముల కాల్షియం మీద ఇదే బరువు పెడితే ఇదే ఫలితం వస్తుందని ఆశించకూడదు. ఇటుక లేకుండా తాపీ మేస్త్రిని ఎంత తొందరపెట్టినా గోడ లేవదు. మన దేశంలో పెద్దవాళ్లకు రోజుకు 600 మిల్లీగ్రాముల కాల్షియం చాలని చెప్పిన పాత సిఫారసును 2020లో 1000కి పెంచారు. వంద గ్రాముల రాగుల్లో 360 దాకా ఉంటుంది, నువ్వుల్లో అదే తూకానికి వెయ్యికి పైనే.

ఇంతవరకూ ఎముక గురించి చెప్పాను. సెగల సంగతి వేరు, అక్కడ మాట కాస్త ఆచితూచి చెప్పాలి.

మెదడులో హైపోథాలమస్ అనే చోట ఒంటి వేడిని సరిచూసే ఏర్పాటు ఉంది. వేడి కొద్దిగా అటూ ఇటూ అయినా అది మామూలుగా పట్టించుకోదు. ఈస్ట్రోజన్ తగ్గేసరికి ఆ వెసులుబాటు బాగా సన్నబడుతుంది. పొయ్యి దగ్గర నిలబడ్డా, కోపమొచ్చినా, దుప్పటి కప్పుకున్నా ఒళ్లు మండిపోతున్నదన్నంత హడావిడిగా చర్మానికి రక్తం తోసి చెమట పోయిస్తుంది. వ్యాయామం దీన్ని తగ్గిస్తుందా? అమెరికాలో 2014లో వెలువడిన ఎంఎస్‌ఫ్లాష్ పరీక్షలో పన్నెండు వారాలు గుండె వేగం పెంచే వ్యాయామం చేసినా సెగల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నిద్ర, మనసు కొంత మెరుగుపడ్డాయి. స్వీడన్‌లో 2019 నాటి పరీక్షలో మాత్రం 65 మందిలో కొందరి చేత పదిహేను వారాలు, వారానికి మూడుసార్లు కండబలం పెంచే వ్యాయామం చేయిస్తే రోజుకు ఏడున్నరగా ఉన్న సెగలు నాలుగున్నర దగ్గరికి దిగాయి. చేయనివాళ్లకు దాదాపు అలాగే ఉన్నాయి. ఇది పెద్ద మేలే. కానీ చిన్న పరీక్ష, దీన్నే నమ్ముకుని మందులు మానేయమని ఎవరికీ చెప్పకూడదు.

ఈ వరసలో బెంగళూరు వ్యాస విశ్వవిద్యాలయం వాళ్లు 2008లో ప్రచురించిన యోగా పరీక్షను పనితనం కోసమే చదవాలి. 40 నుంచి 55 ఏళ్ల ఆడవాళ్లు 120 మంది. ఎనిమిది వారాలు, వారానికి అయిదు రోజులు, రోజూ గంట. సగం మందికి సూర్య నమస్కారాలు, ప్రాణాయామం, ఆవర్తన ధ్యానం. మిగతా సగానికి అంతే సేపు మామూలు శారీరక వ్యాయామం, పాఠాలు. నలుగురితో కలిసి రోజూ ఒకచోటికి వచ్చి, తన బాధ వినే మనిషి దొరికితేనే సగం ఉపశమనం కలుగుతుంది. ఆ ఉపశమనం రెండు జట్లకూ సమానంగా అందేలా చేశారు. అందుకే యోగా చేసిన వాళ్లలో సెగలు, రాత్రి చెమటలు, నిద్రలేమి ఎక్కువగా తగ్గాయన్న ఫలితానికి బరువుంది.

మన రెండు రాష్ట్రాల్లో ఈ విషయం మాట్లాడుతూ ఆపరేషన్ల మాట తప్పించుకోలేం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. అంతకుముందే, 2009లో, హైదరాబాద్‌కు చెందిన కామేశ్వరి, ప్రకాశ్ వింజమూరి పల్లెల్లో అవసరం లేని గర్భసంచి ఆపరేషన్ల మీద నివేదిక వెలువరించి చాలామంది వైద్యులకు నచ్చని నిజాలు బయటపెట్టారు. గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తే ఆ రోజే ఈస్ట్రోజన్ ఆగిపోతుంది. అండాశయాలు ఉంచినా అవి ముందుగానే పనిచేయడం మానే అవకాశం ఎక్కువ. సగటు భారతీయ స్త్రీకి నెలసరి 46 ఏళ్లకు ఆగుతుంది. ముప్ఫై అయిదుకే ఈ దశలోకి వచ్చిపడ్డ అమ్మాయికి ఎముకలు పదేళ్లు ముందే కరగడం మొదలుపెడతాయి. ఆమెకు వ్యాయామం ఒక్కటే చాలదు. ఆ సహజ వయసు వచ్చేదాకా హార్మోన్లు వాడాలా అన్నది డాక్టరుతో తప్పక మాట్లాడాలి. బరువు వ్యాయామం మిగతా అందరి కన్నా ఎక్కువ అవసరం ఆమెకే.

మహేశ్వరంలో ఇంకో మార్పు కూడా ఉంది. శ్రీశైలం రోడ్డు మీద తుక్కుగూడ దాటాక రెండు పక్కలా పొలాలు ప్లాట్లయ్యాయి. భూమి అమ్మిన ఇంట్లో నలభై ఎనిమిదేళ్ల ఆమెకు పొలం పనీ, నెలసరీ రెండూ ఒకే కాలంలో ఆగిపోతున్నాయి. నిన్నటిదాకా గంపలెత్తిన ఒళ్లు ఇవాళ టీవీ ముందు కూర్చుంటే కండ జారడానికి, పొట్ట చుట్టూ కొవ్వు చేరడానికి, షుగర్ రావడానికి ఎక్కువ కాలం పట్టదు. పని మానని పక్కింటి ఆమె కన్నా ఈమెకే ఆ అరగంట ముందు చేరాలి.

దానికి బార్‌బెల్ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. పిడి ఉన్న నీళ్ల డబ్బాలు రెండు ప్రతి ఇంట్లో ఉంటాయి. లీటరు నీళ్లంటే కిలో. అయిదు లీటర్లు పోస్తే అయిదు కిలోలు, వారం పోయాక ఇంకో లీటరు పోస్తే ఆరు. బరువును ఇంత సన్నగా పెంచుకునే వీలు జిమ్ములోని ఇనుప పళ్లేలకు కూడా ఉండదు. రెండు చేతులా డబ్బాలు పట్టుకుని తుంటి దగ్గర మడిచి ఎత్తడం, స్టూలు మీది నుంచి చేతులు ఆనించకుండా లేవడం, చిన్న డబ్బాను తల మీదికి నెట్టడం, ద్వారబంధం పట్టుకుని మునివేళ్ల మీద లేచి మడమలు దబ్బున ఆనించడం. వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం రెండు రోజులు విరామం. శిక్షకులు లేని ఇంట్లో లిఫ్ట్‌మోర్ మొదటి నెల దగ్గరే ఉండాలి. అయిదోసారి ఎత్తాక ఇంకో అయిదుసార్లు ఎత్తగలననిపించే బరువు దాటకూడదు. అంతకు మించిన బరువులకు తీరు సరిదిద్దే ఫిజియోథెరపిస్టు కళ్లముందు ఉండాలి. ఇది ఒక్కరికి భారం గానీ మహిళా సంఘానికి భారం కాదు. అప్పు కిస్తీలు లెక్కపెట్టుకునే మీటింగుకే ముందో వెనకో అరగంట కలపొచ్చు. తీరు నేర్చుకున్న ఇద్దరు ముగ్గురు చాలు, మిగతావాళ్ల వెన్ను వంగుతోందా లేదా చూడటానికి.

కలిసి కదలడం ఇక్కడి ఆడవాళ్లకు కొత్త కాదు. పెత్తర అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు వలయంగా తిరిగే ఆటను గమనించండి. ఒక అడుగు పక్కకు, తుంటి దగ్గర ముందుకు వంగి చప్పట్లు, లేచి మళ్లీ అడుగు. ఒంటి బరువు ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మారుతూనే ఉంటుంది. తూలకుండా నిలబడే నేర్పు అందులో తెలియకుండానే పట్టుబడుతుంది. చివరి రోజు పంచుకునే సద్దుల్లో నువ్వుల సద్ది ఉంటుంది, పెరుగు సద్ది ఉంటుంది. అన్ని వయసుల వాళ్లకూ చోటుంది, ఎవరూ బాగా చేయలేదని ఎవరూ అనరు. ఎముకకు ఏడాదంతా కావాలి గనుక తొమ్మిది రోజులు చాలవు. కానీ సంఘం అరగంటకు ఒళ్లు వేడెక్కించుకోవడానికి ఇంతకన్నా మంచి మొదలు నాకు తోచడం లేదు.

మొదలుపెట్టే ముందు చూపించుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. గర్భసంచి జారిన ఆడవాళ్లు మన పల్లెల్లో ఎక్కువ, చెప్పుకునేవాళ్లు తక్కువ. దగ్గినా తుమ్మినా మూత్రం పడుతున్నా, కింద ఏదో బరువుగా దిగుతున్నట్టు ఉన్నా బరువులకు ముందు కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామం నేర్చుకోవాలి. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ వైద్యుడు చెప్పింది అదే. ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకుండా వదలాలి. ఎత్తు తగ్గిపోయినా, వీపు గూనివడుతున్నా వెన్నుపూస అప్పటికే నలిగిందేమో ఎక్స్‌రే తీయించాలి. నెలసరి ఆగి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనిపిస్తే వ్యాయామం సంగతి పక్కన పెట్టి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. తెలంగాణ ప్రభుత్వం 2023 మార్చి 8న మొదలుపెట్టిన ఆరోగ్య మహిళ క్లినిక్కులు ఎంపిక చేసిన ప్రభుత్వ ఆసుపత్రుల్లో మంగళవారాలు ఆడవాళ్లకే కేటాయించినవి. మెనోపాజ్ దశలో ఉన్నవాళ్లకు అవసరమైతే హార్మోన్ చికిత్స, సలహాలు, బరువు తగ్గడానికి యోగా, వ్యాయామం నేర్పడం ఆ సేవల్లోనే ఉన్నాయి. వెళ్లినవాళ్లు బీపీ, షుగర్, థైరాయిడ్, విటమిన్ డి చూపించుకుని, గర్భసంచి జారిందేమో పరీక్షించమని నోరు తెరిచి అడగాలి. సెగలు థైరాయిడ్ వల్ల కూడా వస్తాయి కాబట్టి ఆ పరీక్ష మానొద్దు. నీళ్ల డబ్బాలో మొదటి అయిదు లీటర్లు పోయడం ఆ మంగళవారం తర్వాత.